వంపు ప్యానెల్‌ని గ్రేడెడ్ మెటీరియల్‌తో చేస్తే వేడి వల్ల వచ్చే ఒత్తిడి పోతుందా?

విశాఖలో ఇంజినీరింగ్ చదువుతున్న తమ్ముడి ప్రశ్న ఇది. పోదు, తగ్గుతుంది.

మన స్టీల్ ప్లాంటులో కరిగిన ఉక్కు పట్టే లాడిల్‌కి బయట ఉక్కు, లోపల వేడిని తట్టుకునే ఇటుక. రెండూ ఒకేలా వ్యాకోచించవు. ఒక డిగ్రీ పెరిగితే మీటరు ఉక్కు సుమారు 12 మైక్రాన్లు సాగుతుంది, అల్యూమినా (అలాంటి ఇటుకల్లో ఉండే సిరామిక్) 8 దాకానే. ఇలాంటివి నేరుగా అతికిస్తే అతుకు దగ్గరే ఒత్తిడి పోగై పెచ్చు లేస్తుంది. గ్రేడెడ్ మెటీరియల్‌లో మందం వెంట ఒక వైపు నుంచి మరో వైపుకి లోహం వాటా మెల్లగా తగ్గుతూ సిరామిక్ పెరుగుతుంది కాబట్టి ఆ అతుకే ఉండదు. 1980ల్లో జపాన్‌లో అంతరిక్ష విమానాల కోసం పుట్టిన ఆలోచన ఇది.

అసలు చిక్కు అంచుల దగ్గర. రెండు చివరలూ బిగించిన ఉక్కు పట్టీ, వంగే వీలు లేకుండా 100 డిగ్రీలు వేడెక్కితే 240 మెగాపాస్కల్స్ ఒత్తిడి! మామూలు ఉక్కు లొంగిపోయే హద్దు దాదాపు అదే. వంపు ప్యానెల్ అయితే బయటికి ఉబ్బి కొంత ఊపిరి తీసుకుంటుంది, కానీ బదులుగా వంగుడు ఒత్తిడి తోడవుతుంది. పైగా గ్రేడెడ్ ప్యానెల్ అంతటా ఒకే వేడి ఉన్నా వంగుతుంది, ఇస్త్రీపెట్టె థర్మోస్టాట్‌లోని జంట లోహపు పట్టీలాగే. చాలామంది ఇది మర్చిపోయి సగటు విలువలతో లెక్క కట్టేస్తారు.