జీవితకాల వారంటీ: ఎవరి జీవితకాలం?

ప్రశ్న: మాది హిందూపురం. ఎనిమిదేళ్లుగా బెంగళూరు పీణ్యలో ద్విచక్ర వాహనాల మెకానిక్‌గా పనిచేస్తున్నాను. ఉగాదికి దాసరహళ్లిలో సొంత షెడ్డు తెరుస్తున్నాను. పనిముట్లకు 25,000 రూపాయలు పక్కన పెట్టాను. ఎస్.జె.పి. రోడ్డులో ఒక దుకాణంవారు 108 ముక్కల సెట్టు చూపించి, జీవితకాల వారంటీ ఉందన్నారు. బిల్లు వద్దంటే ఇంకా తగ్గిస్తారట. సెట్టు తీసుకోమంటారా, విడిగా కొనుక్కోమంటారా?
— ఒక పాఠకుడు, పీణ్య

జవాబు: విడిగానే కొనండి. ఆ పెట్టెలో ముక్కల లెక్క పెరిగేది ఎక్కువగా స్క్రూడ్రైవర్ బిట్లతోనూ చిన్న సాకెట్లతోనూ (నట్టు తలకు తొడిగే గొట్టాలు). మీ షెడ్డుకు వచ్చే బళ్లకు రోజూ కావలసినవి 8, 10, 12, 14, 17 నంబర్లు (మి.మీ.లలో నట్టు తల కొలత), కొన్నింటికి 13, ఇరుసు నట్లకు 19, వాటికి తోడు నాలుగైదు అలెన్ కీలు, అంతే. నేను తొలి జీతంతో కొన్న సెట్టులో కొన్ని సాకెట్లకు కంపెనీ పూసిన నూనె ఇప్పటికీ ఆరలేదు. పదో నంబరు మాత్రం మూడుసార్లు కొన్నాను, రెండుసార్లు అరిగిపోయి, ఒకసారి ఎక్కడ పోయిందో తెలియక.

నాణ్యత విషయంలో పానా మీద ఉన్న అక్షరాలను పూర్తిగా నమ్మకండి. క్రోమ్ వెనేడియం అన్న ముద్ర ఉక్కు ఏ రకమో చెబుతుందే తప్ప, ఆ ఉక్కును ఎంతవరకు కాల్చి ఎలా చల్లార్చారో చెప్పదు. అలా వచ్చే గట్టిదనం ఎక్కువైతే పానా గాజులా విరుగుతుంది, తక్కువైతే దవడలు విచ్చుకుంటాయి. కొనడానికి వెళ్లేటప్పుడు జేబులో ఒక కొత్త 6 మి.మీ. బోల్టు వేసుకుని వెళ్లండి. దాని తలకు సాధారణంగా పదో నంబరు పడుతుంది. పానాను ఆ తలకు పట్టించి అటూ ఇటూ కదిపితే కొద్దిపాటి వదులు ఉండడం సహజమే గానీ, వేళ్లకు టక్కుమని తగిలేంత ఉంటే మాత్రం ఆ దవడలు తల పలకల మీద కాక మూలల మీదే ఆనుతున్నాయని అర్థం. వానలో తుప్పుపట్టిన నట్టు మీ షెడ్డుకు వచ్చిన రోజున ఆ మూలలు గుండ్రమైపోతాయి. దవడల లోపలి మూలల్లో క్రోమ్ పూత పొక్కిందేమో వేలితో కాక కంటితోనే చూడండి, ఎందుకంటే ఊడిన పూత అంచు బ్లేడులా కోస్తుంది. సాకెట్లలో పన్నెండు పలకలవాటి కన్నా ఆరు పలకలవి నట్టును గట్టిగా పట్టుకుంటాయి కనుక, బిగుసుకుపోయిన నట్లతో కుస్తీ పట్టే మీ వృత్తికి అవే తగినవి. సాకెట్టును ఒకవైపే తిప్పే పళ్ల పిడిని రాచెట్ అంటాం కదా, అందులో 72 పళ్లుంటే పిడిని 5 డిగ్రీలు తిప్పినా పట్టు దొరుకుతుంది, 24 పళ్లదయితే 15 డిగ్రీలు తిప్పాలి. ఇంజిను పక్కన ఇరుకులో చేయి పెట్టినవారికి ఆ తేడా విడమరిచి చెప్పనక్కరలేదు. కటింగ్ ప్లయరును మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. కత్తిరించే అంచుల మధ్య నుంచి వెలుగు కనబడితే అది సన్నని తీగను కోయదు, నలుపుతుంది.

మరొక మాట. జపాన్ పరిజ్ఞానంతో వచ్చిన బళ్లలో ప్లస్ తల స్క్రూలు చాలావరకు జె.ఐ.ఎస్. (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) పద్ధతివి, వాటిలో మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెట్టి బలంగా తిప్పితే పైకి జారి గాడిని చెరిపేస్తుంది. ఆ కొలతలో మంచి స్క్రూడ్రైవర్లు రెండు, సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్ ఒకటి తప్పక ఉండాలి.

ఖర్చు విషయానికి వస్తే, మీ 25,000లో సగానికి పైగా రింగు పానాలు, టీ స్పానర్లు, సాకెట్లు, రాచెట్లకే పెట్టండి. టపారియా వంటి స్వదేశీ బ్రాండ్లు రోజువారీ పనికి చక్కగా సరిపోతాయి. జర్మన్ ప్లయరు మీద మనసు పడితే షెడ్డు నిలదొక్కుకున్నాక చూసుకోవచ్చు. ఇంకొక పెద్ద భాగం 10 నుంచి 60 న్యూటన్ మీటర్ల మధ్య పనిచేసే టార్క్ రెంచ్‌కు (ఎంత బిగువు పడిందో కొలిచి చూపే పానాకు) కేటాయించండి. 6 మి.మీ. బోల్టుకు సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. అల్యూమినియం ఇంజిను కేసింగులో అంతకు మించి బిగించి మర పోగొట్టిన చేతులు మన వృత్తిలో లెక్కలేనన్ని. పని అయిన ప్రతిసారీ టార్క్ రెంచ్‌ను కనిష్ఠ అంకెకు తిప్పి పెట్టండి, ఏడాదికొకసారి పరీక్ష చేయించండి. ఉలి, ఆకురాయి, హ్యాక్సా ఫ్రేము వంటివి చవకవైనా ఫరవాలేదు. మున్ముందు నట్లు విప్పే ఎయిర్ గన్ కొంటే దానికి నల్లని ఇంపాక్ట్ సాకెట్లే వాడండి, మెరిసే క్రోమ్ సాకెట్లు ఆ దెబ్బలకు పగిలి ముక్కలు ఎగరగలవు.

ఇక జీవితకాల వారంటీ. అది సాధారణంగా పనిముట్టు జీవితకాలమే గాని మీది కాదు, అదీ తయారీ లోపం వరకే. అరుగుదలకు, పిడికి పైపు తొడిగి లాగినందుకు, పానాను సుత్తిగా వాడినందుకు అది వర్తించదు. బిట్లు, రంపపు బ్లేడ్లు, ఆకురాళ్లు చాలా కంపెనీల వారంటీలో అసలే ఉండవు. విరిగిన పానాను తీసుకుని మారు పానా ఇచ్చే అధీకృత డీలరు మీకు బస్సు దూరంలో ఉన్నాడా అన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. కొరియరు ఖర్చు పెట్టి వేరే రాష్ట్రానికి పంపి నెల రోజులు ఎదురుచూడవలసిన వారంటీ, పానా లేక పని ఆగిన మెకానిక్‌కు ఏ విధంగానూ ఉపయోగపడదు. కనుక కొనే ముందు, "ఇది విరిగితే మీ దగ్గరే మారుస్తారా, ఎన్నాళ్లకు?" అని అడిగి, ఆ జవాబును బిల్లు వెనుక రాయించుకోండి.

బిల్లు వద్దంటే ఇచ్చే తగ్గింపు మీ వారంటీని మీరే అమ్ముకున్న ధర. పానాలు, ప్లయర్ల మీద జి.ఎస్.టి. 18 శాతం కాబట్టి ఆశ పుట్టడం సహజమే, కాని బిల్లు లేనివాడికి ఏ డీలరూ జవాబుదారీ కాడు.

ప్రశ్న: నేను ఇళ్లలో కొళాయిల పని చేసుకుంటాను. నాలుగు నెలల క్రితం బిల్లుతో కొన్న పైపు రెంచ్ దవడ మామూలు పనిలోనే విరిగింది. "మీరు వ్యాపారానికి వాడారు, వినియోగదారు కారు" అని దుకాణంవారు తిప్పి పంపారు. ఇది నిజమేనా?
— ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: నిజం కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారిని మినహాయించినా, స్వయం ఉపాధితో బతుకుతెరువు సంపాదించుకోవడానికి మాత్రమే కొని తానే వాడుకునేవారిని వినియోగదారులుగానే పరిగణిస్తుంది. మీరు సరిగ్గా ఆ కోవలోకే వస్తారు. అయితే వారంటీ కార్డులోనే గృహ వినియోగానికి మాత్రమే అని రాసి ఉంటే మీ వాదన కొంత బలహీనపడుతుంది, ముందు అది చదవండి. విరిగిన చోట స్పష్టంగా ఫొటో తీసి, బిల్లు నకలుతో కంపెనీకి రాతపూర్వకంగా పంపండి. పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయండి. ఆ తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది. వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వెళ్లాలి, 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫిర్యాదు రుసుము లేదు. ఆ విరిగిన ముక్కను మాత్రం వెల్డింగు చేయించకండి, అదే మీ సాక్ష్యం.

ప్రశ్న: ప్లయరుకు ప్లాస్టిక్ పిడి ఉంటే కరెంటు పనికి వాడవచ్చా?
— ఒక పాఠకురాలు, కె.ఆర్. పురం

జవాబు: వాడకూడదు. మామూలు తొడుగు పట్టు కోసమే. కరెంటు పనికి ఉద్దేశించిన దాని మీద రెండు త్రిభుజాల గుర్తు, 1000 వోల్టుల అంకె ఉంటాయి, ఐ.ఇ.సి. 60900 అన్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అటువంటి పనిముట్టును 10,000 వోల్టుల దగ్గర పరీక్షిస్తారు. రెండు రంగుల పిడి అయితే, పై పొర చీలి లోపలి రంగు బయటపడిన రోజే దాన్ని పక్కన పడేయండి. ఇవన్నీ ఉన్నా మెయిన్ స్విచ్ కట్టేసి, టెస్టరుతో చూసుకున్న తరువాతే తీగ మీద చేయి వేయండి.