బర్డ్స్ నెస్ట్ తాగిస్తే పిల్లలకు ఇమ్యూనిటీ పెరుగుతుందా?

మీ బాబుకు అయిదేళ్లని, సింగపూర్ వచ్చినప్పటి నుంచి నెలకోసారి జలుబు చేస్తోందని రాశారు. బర్డ్స్ నెస్ట్, అంటే ఒక రకం పక్షి గూటిని ఉడికించిన జావ, తాగిస్తే కణాలకే బలం వస్తుందని పక్కింటివాళ్లు అంటున్నారట. ఏడేళ్ల కిందట నేనూ ఇదే మాట విని మా పాపకు తాగించాను. అందుకే తొందరపడకండి అంటున్నాను.

పాపకు అప్పుడు నాలుగేళ్లు. ఎదురింటి చైనీస్ ఆంటీ మమ్మల్ని సొంత మనుషుల్లా చూసుకునేది. ఆ గూడును నానబెట్టి, ఈకల నలుసులు ఒక్కొక్కటీ ట్వీజర్‌తో ఏరి, మరిగే నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి, పటిక బెల్లం వేసి మెల్లగా ఉడికించింది. జారుగా, సగ్గుబియ్యం జావలా ఉంటుంది. పాప నాలుగు చెంచాలు తాగింది. అరగంట తిరక్కుండానే పెదాలు వాచాయి, ఒళ్లంతా దద్దుర్లు, తర్వాత పిల్లికూతలు. ఆస్పత్రిలో ఎడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చాక గానీ ఊపిరి సరిగా ఆడలేదు. ఆంటీ మాతోపాటు వచ్చి రాత్రంతా ఏడుస్తూ కూర్చుంది. ఆవిడ తప్పేమీ లేదు. వాళ్లింట్లో బాలింతలకూ, జబ్బుపడి లేచినవాళ్లకూ ప్రేమగా పెట్టేది అదే.

తర్వాత తెలిసింది, ఇక్కడి పిల్లల్లో ఇది కొత్త సంగతి కాదని. ఆహారం వల్ల వచ్చే తీవ్రమైన అలర్జీల గురించి 1999లో సింగపూర్ డాక్టర్లు ప్రచురించిన పత్రంలో మొదటి కారణం బర్డ్స్ నెస్టే, నూటికి 27 కేసులు. రొయ్యలు, పీతలు కూడా దాని తర్వాతే.

ఇక కణాల సంగతి. అది పూర్తిగా కట్టుకథ కాదు. స్విఫ్ట్‌లెట్ పక్షి తన లాలాజలంతో కట్టే గూడు అది. సగానికి పైగా ప్రొటీన్, దాదాపు పదో వంతు సియాలిక్ ఆమ్లం అనే ఒక రకం చక్కెర పదార్థం. ఫ్లూ వైరస్ మన కణాల మీద పట్టుకునేది ఈ సియాలిక్ ఆమ్లాన్నే. 2006లో జపాన్ పరిశోధకులు గూటి సారాన్ని ప్రయోగశాలలో పెంచిన కణాల దగ్గర వాడి చూస్తే, ఫ్లూ వైరస్ వాటికి సోకకుండా అడ్డుపడింది. చిట్టెలుకల్లో బి కణాలు (యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాలు) పెరిగాయన్న పరిశోధనలూ ఉన్నాయి.

కానీ ఆ గాజు పళ్లెంలో వైరస్, గూటి సారం ఒకేచోట ఉన్నాయి. మీ బాబు తాగింది కడుపులోకి పోయి అరుగుతుంది, వైరస్ ఉండేదేమో ముక్కులో, గొంతులో. పైగా పిల్లల జలుబుల్లో ఎక్కువ భాగం ఫ్లూ కాదు; వాటికి ముఖ్య కారణం రైనోవైరస్ అనే వేరే వైరస్. దానిలో చాలా రకాలకు కణంలోకి పోవడానికి సియాలిక్ ఆమ్లంతో పనే లేదు. ఈ తేడా నాకు ముందే తెలిసుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

స్కూల్లో చేరిన కొత్తలో పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలే. మా పాపకూ అలాగే వచ్చి, రెండేళ్లకు వాటంతటవే తగ్గాయి. ఏటా ఫ్లూ టీకా వేయిస్తాం. మీ వాడు నెలకోసారి అంటున్నారు కాబట్టి, బరువు పెరగకపోయినా, నిద్రలో పిల్లికూతలు వినిపించినా డాక్టర్‌కు చూపించండి.

బాబుకు ఆస్తమా గానీ, ఇంకేదైనా అలర్జీ గానీ ఉంటే అసలు పెట్టొద్దు. ఎవరింట్లోనైనా ఇప్పటికే రుచి చూసి ఉంటే, తిన్న తర్వాత రెండు మూడు గంటలు కనిపెట్టుకుని ఉండండి. పెదాలు వాచినా, ఊపిరి బరువెక్కినా వెంటనే అంబులెన్స్ కోసం 995కు ఫోన్ చేయండి.