లెస్టర్‌లో అద్దె, గుంటూరు దగ్గర ప్లాటు: పొదుపు ఉంటే యూనివర్సల్ క్రెడిట్ ఇస్తారా?

మీరు చెప్పినదాన్ని బట్టి మీ ఇద్దరికీ ఐఎల్ఆర్ (బ్రిటన్‌లో శాశ్వతంగా ఉండే అనుమతి) ఉంది. మీవారి ఉద్యోగం పోయింది, లెస్టర్‌లో ప్రైవేటు అద్దె ఇంట్లో ఉంటున్నారు. జాయింట్ ఖాతాలో 11,000 పౌండ్లు ఉన్నాయి. ఇండియాలో మీవారి పేరున ఊళ్ళో ఒక ఇల్లుంది, అందులో మీ అత్తమామలు ఉంటున్నారు. గుంటూరు దగ్గర మీవారూ బావగారూ కలిసి కొన్న ప్లాటు ఇప్పుడు 24 లక్షలు పలుకుతోంది. యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు బ్రిటన్ ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం) కింద వచ్చే అద్దె సాయానికి ఈ పొదుపు అడ్డమవుతుందా, కొంత డబ్బు అత్తగారి ఖాతాకు పంపేస్తే సరిపోతుందా అని మీ ప్రశ్న.

రెండోదానికి ముందు చెప్తాను. పంపకండి. సాయం కోసమే డబ్బు వదిలించుకున్నారని తేలితే, ఆ డబ్బు ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు లెక్కేస్తారు. అటు డబ్బూ పోతుంది, ఇటు సాయమూ రాదు. నిజంగా ఉన్న అప్పు తీర్చినా, ఇంటికి కావలసిన వస్తువు మామూలు ధరకు కొన్నా తప్పు పట్టరు, రసీదులు దాచుకుంటే చాలు. ఉన్నట్టుండి బంధువుల ఖాతాకు ఐదు వేలు వెళ్తే మాత్రం స్టేట్‌మెంట్‌లో అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఇక పొదుపు లెక్క. 6,000 పౌండ్ల లోపు ఉంటే అసలు పట్టించుకోరు. 16,000 దాటితే యూనివర్సల్ క్రెడిట్ రాదు, అందులో భాగమైన అద్దె సాయమూ రాదు. మధ్యలో ఉంటే 6,000 పైన ప్రతి 250 పౌండ్లకూ నెలకు 4.35 పౌండ్ల ఆదాయం వస్తున్నట్టు ఊహించుకుని అంత కోస్తారు. 250కి తక్కువ మిగిలినా పూర్తి 250 కిందే లెక్క. మీ 11,000 ఒక్కటే చూస్తే పైన ఉన్నది 5,000, అంటే ఇరవై ముక్కలు, నెలకు 87 పౌండ్ల కోత. ఏ బ్యాంకూ ఇంత వడ్డీ ఇవ్వదు, కానీ రూలు అదే. భార్యాభర్తలిద్దరి పొదుపూ కలిపి చూస్తారు, హద్దు మాత్రం ఒంటరివాళ్ళకు ఉన్నదే. 2006 నుంచి ఈ హద్దులు కదల్లేదు, ఈలోగా అద్దెలు ఎక్కడికి పోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇండియా ఆస్తుల దగ్గర. "అక్కడిది వీళ్ళకేం తెలుస్తుంది" అనే మాట ప్రతి గెట్‌టుగెదర్‌లోనూ వింటాను. ఇండియా, బ్రిటన్ 2017 నుంచి బ్యాంకు ఖాతాల వివరాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. అది పక్కన పెట్టినా, ఫారంలో విదేశీ ఆస్తుల్ని దాచి సంతకం పెట్టడం మోసం కిందకే వస్తుంది. ఎన్ఆర్ఓ ఖాతా (ఎన్ఆర్ఐలకు ఇండియాలో ఉండే బ్యాంకు ఖాతా), ఎఫ్‌డీ, చిట్టీ పాడుకుని చేతికొచ్చిన డబ్బు అన్నీ పొదుపే. నగలు సొంత వస్తువుల కిందకి వస్తాయి, వాటిని లెక్కలోకి తీసుకోరు, ఆ బెంగ వద్దు. పిల్లల పేరున నిజంగా పిల్లలదే అయిన డబ్బునూ కలపరు.

ఊళ్ళో ఇంటి గురించి మీరు భయపడక్కర్లేదు. దగ్గరి బంధువు తన ఇల్లుగా ఉంటున్న ఇంటిని, ఆ బంధువు ఇక్కడి పెన్షన్ క్రెడిట్ (పెద్దవాళ్ళకిచ్చే ప్రభుత్వ సాయం) వయసు దాటినవారైతే, పొదుపులో కలపకూడదని నియమం ఉంది. మీ మామగారికి 68 అన్నారు కాబట్టి ఆయన ఒక్కరి వయసుతోనే సరిపోతుంది. నాకు ఉద్యోగం పోయినప్పుడు నాదీ ఇదే పరిస్థితి. తెనాలి దగ్గర నా పేరున ఉన్న ఇంట్లో అమ్మానాన్నలు ఉండేవారు. దరఖాస్తులో ఇల్లుందని రాసి, కిందే "మా తల్లిదండ్రులు ఉంటున్నారు, వయసు ఇంత" అని చేర్చాను. ఆధారాలు అడిగారు. నాన్న ఆధార్ కార్డు, ఆయన పేరున వచ్చే కరెంటు బిల్లు, ఇంటిపన్ను రసీదు ఇంగ్లిషు అనువాదంతో జర్నల్‌లో (యూనివర్సల్ క్రెడిట్ ఆన్‌లైన్ ఖాతాలో సందేశాలు రాసే చోటు) అప్‌లోడ్ చేశాను. ఇంటిని లెక్కలోంచి తీసేశారు. వర్క్ కోచ్‌కి (మీ దరఖాస్తు చూసే జాబ్‌సెంటర్ ఉద్యోగికి) ఈ నియమం వెంటనే గుర్తుకు రాకపోవచ్చు, కాబట్టి అడిగేదాకా ఆగకుండా మీరే రాయండి.

అసలు చిక్కు ప్లాటుది. అక్కడ ఎవరూ ఉండటం లేదు కాబట్టి దానికి ఈ మినహాయింపు రాదు. ఇద్దరి పేరున ఉంది కాబట్టి, వేరే ఆధారం లేకపోతే సగం మీవారిదని అనుకుంటారు. సగం అంటే 12 లక్షలు. అమ్మకం ఖర్చులకని 10 శాతం తీసేస్తే 10.8 లక్షలు. పౌండుకు 110 రూపాయలు వేసుకున్నా దాదాపు 9,800 పౌండ్లు. బ్యాంకులో ఉన్నదానితో కలిపితే 20,800. హద్దు దాటిపోయారు.

అయితే ఇక్కడ ఒక పాయింటు ఉంది. వాళ్ళు చూడాల్సింది ప్లాటు మొత్తం ధరలో సగం కాదు, మీవారి వాటా ఒక్కటే అమ్మితే ఎంత వస్తుందన్నది. పంచుకోని ఉమ్మడి ప్లాటులో సగం వాటాను, అవతల బావగారు ఉండగా, బయటివాడు ఎవడు పూర్తి ధరకు కొంటాడు? గుంటూరులో రిజిస్టర్డ్ వాల్యూయర్ చేత, వాటా విలువ విడిగా రాయించండి. 24 లక్షల్లో సగం అని మాత్రమే రాయిస్తే ఏ లాభమూ లేదు. వాటా విలువ ఐదు వేల పౌండ్ల లోపు తేలితే ఇప్పుడే అర్హత వస్తుంది. ప్లాటు మీద బ్యాంకు లోను ఉంటే అదీ తీసేస్తారు, ఆ కాగితం కూడా పెట్టండి.

విలువ తగ్గకపోయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. అద్దెకూ తిండికీ ఖర్చవుతూ బ్యాంకులోది 6,000కి వచ్చిందనుకుందాం. అప్పుడు మొత్తం 15,800. అర్హత వస్తుంది, నెలకు 174 పౌండ్ల కోతతో. అద్దె, పిల్లల భాగాలు కలిసి వచ్చేదాని ముందు ఈ కోత భరించదగ్గదే కావచ్చు. అయితే హద్దు కిందకి దిగిన రోజే దరఖాస్తు పెట్టండి, వెనక్కి వెళ్ళి ఇవ్వడం చాలా అరుదు.

అప్పటిదాకా మీవారి చేత న్యూ స్టైల్ జేఎస్ఏ (ఉద్యోగం వెతుక్కునేవాళ్ళకిచ్చే భత్యం) పెట్టించండి. గత రెండేళ్ళుగా ఉద్యోగం చేస్తూ నేషనల్ ఇన్సూరెన్స్ (జీతంలోంచి ప్రభుత్వానికి కట్టే చందా) కట్టి ఉంటే సాధారణంగా వస్తుంది. దానికి పొదుపు చూడరు, ప్లాటు చూడరు, మీ జీతమూ చూడరు. ఆరు నెలల దాకా ఇస్తారు. కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి మీద స్థానిక కౌన్సిల్‌కు కట్టే పన్ను) తగ్గింపు వేరే దరఖాస్తు, దాని హద్దులు కౌన్సిల్‌ని బట్టి మారతాయి, లెస్టర్ కౌన్సిల్ సైట్‌లో చూసుకోండి.

ఇది చదివే వర్క్ వీసా వాళ్ళకు ఒక మాట. మీ వీసాకు 'నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్' (ప్రభుత్వ సాయాలు తీసుకోకూడదన్న) షరతు ఉంటే పొదుపు సున్నా అయినా యూనివర్సల్ క్రెడిట్ అడగొద్దు, వీసాకే ఎసరు. అలాగే అత్తమామల్ని స్పాన్సర్ చేసి తెచ్చుకోవాలనుకునేవాళ్ళు గుర్తుంచుకోండి, మీరు రాసిచ్చిన హామీ ప్రకారం వాళ్ళకు ఐదేళ్ళ దాకా ఇవేవీ రావు.

వాల్యూయర్ రిపోర్టు రావడానికి టైం పట్టొచ్చు. ఈలోగా జేఎస్ఏ దరఖాస్తు ఈ వారమే పెట్టేయండి. యూనివర్సల్ క్రెడిట్ ఫారం నింపేటప్పుడు సిటిజన్స్ అడ్వైస్ (ఉచిత సలహాలిచ్చే స్వచ్ఛంద సంస్థ) వాళ్ళ 'హెల్ప్ టు క్లెయిమ్' సాయం ఉచితంగా దొరుకుతుంది. ప్లాటు సంగతి వాళ్ళకు ముందే చెప్పి, వాటా విలువ గురించి అడగండి. ఒకవేళ కాదని నిర్ణయం వస్తే నెలలోపు మ్యాండేటరీ రీకన్సిడరేషన్ (నిర్ణయాన్ని మళ్ళీ పరిశీలించడం) అడగొచ్చు, ఆ పైన ట్రిబ్యునల్ ఉంది.