కార్తీక పౌర్ణమికి టెర్రస్ ఎక్కేముందు

కోడలు పిల్లా,

నీ మెసేజ్ చూశాను. కార్తీక పౌర్ణమికి విజయవాడలో మీ అపార్ట్‌మెంట్ వాళ్లందరినీ టెర్రస్ మీదకి పిలిచి చందమామని చూపిస్తానన్నావు, పిల్లలు ఏదడిగినా జవాబు చెప్పాలని టెన్షన్‌గా ఉందన్నావు. నువ్వు తలపెట్టిన పని నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. గుంటూరులో మా డాబా మీద వీధి పిల్లల్ని కూర్చోబెట్టి ఏళ్ల తరబడి చూపిస్తున్నదాన్ని కాబట్టి నాకు తెలిసిందంతా రాస్తున్నాను, పొడుగైనా ఓపిగ్గా చదువు.

ముందు తేదీ మార్చు. పౌర్ణమి నాడు వద్దు, మర్నాడు పాడ్యమికి పెట్టుకో. ఎందుకంటే పౌర్ణమి చంద్రుడు సరిగ్గా సూర్యుడు కుంకే వేళకే పైకొస్తాడు. నవంబరులో మన వైపు అది ఐదున్నర దాటాక. ఆ టైముకి మీ బిల్డింగ్‌లో ఆడవాళ్లు సగంమంది ఉపవాసంతో శివాలయంలోనో తులసికోట దగ్గరో 365 వత్తులు వెలిగిస్తుంటారు, మిగతావాళ్లు ఆఫీసు నుంచి వస్తూ బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఉంటారు. అందరూ చేరేసరికి ఆయన ఎక్కడో నడినెత్తి దారిలో ఉంటాడు, అసలు చూడాల్సిన ఘట్టం అయిపోతుంది. చంద్రుడు రోజుకి దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. పాడ్యమి నాడు ఆరూ ఇరవై, ఆరున్నర ప్రాంతంలో వస్తాడన్నమాట. అప్పటికి చీకటి పడి ఉంటుంది, పూజలు అయిపోయి ఉంటాయి, నారింజరంగు బింబం ఇళ్ల వెనక నుంచి పైకి రావడం అందరూ కలిసి చూస్తారు. ఒక్కరోజులో తగ్గేది మామూలు కంటికి తెలియనే తెలియదు. పైగా బైనాక్యులర్స్‌తో చూస్తే ఆ రోజు పై అంచు దగ్గర సన్నగా నీడ పడి గుంటలు గుంటలుగా కనిపిస్తుంది, నిండు పౌర్ణమికి అది దొరకదు.

పౌర్ణమి సాయంత్రం మాత్రం పిల్లల్ని ఒక్క పది నిమిషాలు పైకి తీసుకెళ్లు, పెద్దవాళ్లు రాకపోయినా పర్లేదు. ఒక చెయ్యి పడమర సూర్యుడి వైపు, ఇంకో చెయ్యి తూర్పున చంద్రుడి వైపు చాపి నిలబడమను. మధ్యలో ఉన్నది మనం, అంటే భూమి. సూర్యుడి వెలుగు మన వీపు వెనక నుంచి పోయి ఎదురుగా ఉన్న చంద్రుడి మొహం మొత్తం మీద పడుతోంది కాబట్టే నిండుగా కనిపిస్తున్నాడు. బంతులూ టార్చిలైట్లూ పెట్టి గంటసేపు చెప్పినా ఎక్కనిది అలా రెండు చేతులు చాపితే ఎక్కేస్తుంది, నేను చూశాను.

కొంతమంది బ్యారేజీ మీదకి పోదాం అంటారు. ప్రకాశం బ్యారేజీ మీద ఆ దృశ్యం నిజంగానే బాగుంటుంది, ఎగువన సూర్యాస్తమయం, దిగువన రైల్వే బ్రిడ్జి అవతల చంద్రోదయం. కానీ అది వేసవి పౌర్ణములకి. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో చంద్రుడు ఆగ్నేయం వైపు జరిగి వస్తాడు కాబట్టి నది మీదే కనిపిస్తాడు. కార్తీకంలో ఈశాన్యం వైపు జరుగుతాడు, కృష్ణలంక ఇళ్ల మీదుగా వస్తాడు, నీళ్ల మీద వెన్నెల దారి చూద్దామని వెళ్లినవాళ్లు నిరాశపడతారు. మీ టెర్రసే మేలు. తూర్పు పిట్టగోడ దగ్గర ఏ సామానూ లేకుండా ముందురోజే సర్దించు, పైనున్న లైట్లన్నీ ఆపించు, చాపలు పరిపించు, దోమలకి ఏదో ఒక ఏర్పాటు చెయ్యి. మైకు, పాటలు వద్దమ్మా. మాటలు వినపడాలి.

ఇంక అసలు సంగతి. నువ్వు జవాబులు బట్టీ పట్టుకుని వెళ్లకు. ముందు పెద్దవాళ్ల చేత కథలు చెప్పించు, ఆ తర్వాతే చూడ్డం, ఆ తర్వాతే లెక్కలు. నువ్వు ముందే “అవన్నీ మూఢనమ్మకాలు” అన్నావంటే మీ మూడో అంతస్తు మామ్మగారు మూతి ముడుచుకుని కూర్చుంటారు, ఆవిడ దగ్గరున్న కథ పిల్లలకి ఎప్పటికీ అందదు. నువ్వు చెప్పే శాస్త్రం రేపు పుస్తకంలోనూ దొరుకుతుంది, ఆవిడ కథ దొరకదు.

కుందేలుతో మొదలుపెట్టించు. ఒకళ్లు కుందేలంటారు, ఒకళ్లు జింకంటారు, ఇంకొకళ్లు అవ్వ కూర్చుందంటారు, అందరి చేతా చెప్పించు. బౌద్ధ జాతక కథల్లో ఆకలితో వచ్చిన బ్రాహ్మణుడికి పెట్టడానికి ఏమీ లేక తన ఒంటినే ఆహారంగా ఇవ్వడానికి నిప్పుల్లో దూకిన కుందేలు ఉంది. ఆ వచ్చినవాడు ఇంద్రుడు, ఆ త్యాగం లోకమంతా ఎప్పటికీ గుర్తుంచుకోవాలని చంద్రుడి మీద దాని బొమ్మ గీశాడట. అమరావతి స్తూపం ఉన్న నేల మీద పుట్టినవాళ్లం, మన పిల్లలకి ఈ కథ తెలియకపోతే ఎలా?

కథ అయ్యాక కుందేల్ని వెతికించు. మనకి చంద్రుడు ఉదయించేటప్పుడు కుందేలు చెవులు పైకి ఉంటాయి, కాస్త కుడివైపుకి. పైభాగంలో ఒక గుండ్రటి నల్లమచ్చ తల, దాని నుంచి కుడిపక్కగా రెండు మచ్చలు చెవులు, కింద పరుచుకున్న పెద్ద మచ్చ ఒళ్లు. ఒక్కసారి దొరికిందంటే ఇక ఏ పౌర్ణమికీ తప్పిపోదు. ఆ తల ఉన్న మచ్చే ప్రశాంత సాగరం, 1969 జులైలో అపోలో 11 దిగింది అక్కడే. సాగరమని పేరే గానీ నీళ్లు లేవు, ఎప్పుడో పొంగిన లావా గడ్డకట్టిన నల్లరాతి మైదానం. మన చంద్రయాన్-3 దిగిన చోటు అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. 2023 ఆగస్టు 23న దిగింది, దక్షిణ ధ్రువం వైపు. ఉదయించే చంద్రుడికి దక్షిణం కుడిచేతి వైపు ఉంటుంది కాబట్టి కుడి అంచుకి దగ్గరగా చూపించు, ల్యాండర్ కనపడదు గానీ చోటు తెలుస్తుంది. తెల్లవారుజామున అస్తమించేటప్పుడు ఇదే కుందేలు తలకిందులవుతుంది, ఎవరైనా ఐదింటికి లేచేవాళ్లుంటే చూసి చెప్పమను.

బింబం పైకొస్తూనే అందరూ “అబ్బో, ఎంత పెద్దగా ఉన్నాడో” అంటారు. అప్పుడు చెయ్యి పూర్తిగా చాపి చిటికెన వేలు గోరు అడ్డం పెట్టమను. మొత్తం చంద్రుడు దాని వెనక దాక్కుంటాడు, ఇంకా చోటు మిగులుతుంది. ముందు ఎవరూ నమ్మరు, పెద్దవాళ్లు కూడా ఒక కన్ను మూసుకుని మళ్లీ మళ్లీ చూసుకుంటారు. రెండు గంటలు పోయాక పైకెక్కిన చంద్రుడికి మళ్లీ అదే వేలు పెట్టించు. అదే సైజు! ఇళ్ల పక్కన ఉన్నప్పుడు పెద్దగా అనిపించడం మన మెదడు చేసే పని. నిజానికి ఉదయించేటప్పుడు చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పటికంటే మనకి ఇంచుమించు భూమి వ్యాసార్థం అంత, అంటే 6,400 కిలోమీటర్ల దాకా ఎక్కువ దూరంలో ఉంటాడు. పిల్లల్ని వెనక్కి తిరిగి వంగి కాళ్ల మధ్య నుంచి చూడమను, చాలామందికి పెద్దగా ఉండడం అనేది అలా చూస్తే పోతుంది. ఆ గోలంతా వాళ్లకి ఏళ్లు గుర్తుంటుంది.

వాట్సాప్ ఫార్వర్డులు తెచ్చేవాళ్లూ ఉంటారు. సూపర్‌మూన్ అంటే చంద్రుడు మనకి దగ్గరగా వచ్చినప్పటి పౌర్ణమి. దగ్గరైతే దాదాపు 3,57,000 కిలోమీటర్లు, దూరమైతే 4,06,000. రెండిటినీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది గానీ పక్కన పెట్టలేం కదా, ఉత్త కంటితో చెప్పడం కష్టం. పింక్ మూన్, స్ట్రాబెర్రీ మూన్ అనేవి ఉత్తర అమెరికాలో పూలనీ పంటల్నీ బట్టి పెట్టుకున్న పేర్లు, రంగుతో సంబంధం లేదు. బ్లూ మూన్ కూడా నీలంగా ఉండదు. ఒక ఇంగ్లిషు నెలలో రెండో పౌర్ణమిని అలా పిలవడం 1946లో ఒక అమెరికన్ ఖగోళ పత్రిక వ్యాసంలో జరిగిన పొరపాటు వల్ల మొదలైంది. దీన్ని మన లెక్కతో ముడిపెట్టి చెప్పు, పెద్దవాళ్లు ఎంత ఆనందిస్తారో. పౌర్ణమి నుంచి పౌర్ణమికి 29.53 రోజులు, పన్నెండు నెలలకి 354 రోజులు, ఏడాదికి పదకొండు రోజులు వెనకబడతాం. ఆ తరుగు పోగై రెండున్నర, మూడేళ్లకి ఒక పౌర్ణమి ఎక్కువ వస్తుంది. మనవాళ్లు దాన్ని అధికమాసంగా సర్దారు. పేరు వేరు, లెక్క ఒకటే.

మన నెలల పేర్లే చాలు నన్నడిగితే. పౌర్ణమి నాడు చంద్రుడు కృత్తిక దగ్గర ఉంటే కార్తీకం, మృగశిర దగ్గర ఉంటే మార్గశిరం, చిత్త దగ్గర ఉంటే చైత్రం. ఈసారి ఆ కృత్తికల్నే చూపించు. నిండు వెన్నెలలో అంత సులువుగా కనపడవు, నీళ్ల ట్యాంకు నీడలో నిలబడి చంద్రుడు గోడ చాటున ఉండేట్టు చూసుకుని బైనాక్యులర్స్ పెట్టాలి. చిన్న గుత్తి, దాని దిగువన ఎర్రగా రోహిణి. పంచాంగం ఆకాశంలో రాసి ఉందని ఆ క్షణంలో తెలుస్తుంది, క్యాలెండర్‌లో చదివితే తెలియదు.

పౌర్ణమికి పిచ్చి ముదురుతుందనీ, ఆసుపత్రుల్లో గొడవలు పెరుగుతాయనీ ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఇంగ్లిషు సినిమాల్లో పౌర్ణమికి మనిషి తోడేలవుతాడు, మన ఊళ్లలో దెయ్యాల కథలన్నీ అమావాస్యకి. ఈ తేడా పిల్లలకి చెప్పు, వాళ్లే ఆలోచిస్తారు. 1985లో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా జరిగిన 37 అధ్యయనాలు కలిపి చూశారు, పౌర్ణమికీ పిచ్చి ప్రవర్తనకీ సంబంధం తేలలేదు. నిద్ర సంగతి మాత్రం వేరు. పౌర్ణమికి ముందు రాత్రుల్లో జనం ఆలస్యంగా పడుకుంటున్నారని 2021లో వచ్చిన ఒక పరిశోధనలో కనపడింది. కాబట్టి “నాకు పౌర్ణమికి నిద్ర పట్టదు” అనే ఆవిడని కొట్టిపారేయకు. “సముద్రానికే పోటొస్తే మన ఒంట్లో నీళ్లకి రాదా” అంటారు చూడు, దానికి జవాబు ఉంది. పోటు రావాలంటే వేల కిలోమీటర్ల మేర ఒకవైపు లాగుడికీ ఇంకోవైపు లాగుడికీ తేడా ఉండాలి, అయిదున్నర అడుగుల మనిషిలో ఆ తేడా ఉండదు. ఇంకొకటి, సూర్యలంక జాలర్లని అడిగితే చెప్తారు, అమావాస్యకీ పోటు అంతే పెద్దది.

గ్రహణం మాటొస్తే జాగ్రత్త. చంద్రగ్రహణాన్ని ఉత్త కంటితో ఎంతసేపైనా చూడొచ్చు, సూర్యగ్రహణాన్ని మాత్రం తగిన కళ్లజోడు లేకుండా చూడకూడదు, ఈ రెండు ముక్కలూ గట్టిగా చెప్పు. 2025 సెప్టెంబరు 7 రాత్రి గంటా ఇరవై నిమిషాలు చంద్రుడు పూర్తిగా నీడలో ఉన్నాడు. ఆ రాత్రి లోపలే కూర్చున్న గర్భిణులు మీ బిల్డింగ్‌లోనూ ఉండి ఉంటారు. వాళ్ల అత్తగారితో అందరి ముందూ వాదన పెట్టుకోకు, ఆ అమ్మాయికే నష్టం. తర్వాత విడిగా కూర్చుని చెప్పు.

టెలిస్కోప్ కొనమని మీ ఆయన్ని తొందరపెట్టకు. నిండు చంద్రుడి మీద ఎండ నిట్టనిలువుగా పడుతుంది, నీడలుండవు, గుంటలు తేలవు. అవి చూడాలంటే శుద్ధ సప్తమి, అష్టమి రోజులు మంచివి. ఈసారికి బైనాక్యులర్స్ చాలు, మోచేతులు పిట్టగోడ మీద ఆనించి చూడమను, లేకపోతే వణుకుతుంది. ఫోన్‌లో ఫొటో తీస్తే చంద్రుడు తెల్లటి ముద్దలా వస్తాడని అందరూ బాధపడతారు. చంద్రుడి నేల తారు రోడ్డులా నల్లగా ఉంటుంది, పడిన వెలుగులో పన్నెండు శాతమే వెనక్కి పంపుతుంది, అయినా అది పూర్తి ఎండలో ఉన్న నేల. స్క్రీన్ మీద చంద్రుడిని నొక్కి పట్టుకుని వెలుగు బాగా కిందికి తగ్గిస్తే మచ్చలు కనపడతాయి. ఫొటోలు ఒక్క పది నిమిషాలకి మించనివ్వకు.

మబ్బు పడితే విదియకి మార్చుకో, ఏడుంపావు తర్వాత వస్తాడు, అంతకంటే ఆలస్యమైతే చిన్నపిల్లలు నిద్రపోతారు. నా బైనాక్యులర్స్ మీ నాన్న వచ్చినప్పుడు పంపిస్తాను. పట్టీ మెడలో వేశాకే పిల్లల చేతికివ్వు. మామ్మగారు ఏ కథ చెప్పిందో మాత్రం ఆ రాత్రే నాకు రాసి పంపు, ఆవిడ మాటల్లోనే.

మీ మేనత్త