జంతువుల ఫోటోలు వాటి సంరక్షణకు పనికొస్తాయా? కాకినాడ తీరంలో ఏడాది పొడవునా చూసింది చెబుతాను

మీ ప్రశ్న: "అడవి జంతువుల ఫోటోలు ఇంతమంది తీసి పెడుతున్నారు, వాటివల్ల ఆ జంతువులకు నిజంగా ఏమైనా మేలు జరుగుతోందా?"

జరుగుతుందండి, నేను చూశాను. కాకపోతే మేలు చేసే ఫోటోలు చాలావరకు ఫ్రేము కట్టి గోడకి తగిలించుకునేలా ఉండవు. మాది కాకినాడ. కోరింగ మడ అడవులు, హోప్ ఐలాండ్, కుంభాభిషేకం అనే చోటి దగ్గరి బురద నేలలు, నేను కెమెరా పట్టుకుని తిరిగేది వీటి చుట్టూనే. అందుకని ఇక్కడి సంగతే రాస్తున్నాను.

జనవరిలో ఆసియా నీటిపక్షుల లెక్కింపు ఉంటుంది. 1987 నుంచి చాలా దేశాల్లో ఒకే సమయంలో జరుగుతున్న పని ఇది. పోటు వచ్చి బురద మునిగిపోతే ఉల్లంకులన్నీ (బురదలో మేత వెతుక్కునే తీరపు పక్షులు) మిగిలిన కాస్త మెరకమీదకి చేరతాయి. అప్పుడు తీసిన ఫోటోల్లో పక్షులు చుక్కల్లాగే కనిపిస్తాయి. ఇంటికొచ్చి, కంప్యూటర్లో పెద్దవి చేసి, ఒక్కొక్కటే లెక్కపెడతాం. గుంపు పెద్దదైతే కంటి అంచనాకీ ఫోటో లెక్కకీ చాలా తేడా వస్తుంది.

ఆ గుంపుల్లో నేను ముందుగా వెతికేది ఇండియన్ స్కిమ్మర్‌ని. నారింజ రంగు ముక్కు, కింది భాగం పైదానికంటే పొడవు. నోరు తెరిచి ఆ కింది ముక్కుతో నీటిని కోసుకుంటూ ఎగురుతుంటే ఎవరికైనా కెమెరా ఎత్తాలనిపిస్తుంది. 2020లో ఐయూసీఎన్ (ఏ జీవి ఎంత ముప్పులో ఉందో జాబితా వేసే అంతర్జాతీయ సంస్థ) ఈ పక్షిని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చింది. నేను మాత్రం ఇసుకలో నిలబడి ఉన్న స్కిమ్మర్ల కాళ్లనే ఎక్కువగా ఫోటో తీస్తాను. చంబల్ నది ఇసుక తిన్నెల మీద గూడు పెట్టే స్కిమ్మర్లకు ముంబైలోని ప్రకృతి పరిశోధన సంస్థ బీఎన్‌హెచ్‌ఎస్ పరిశోధకులు కాళ్లకి అక్షరాలు, అంకెలు ఉన్న ట్యాగులు వేశారు. అలా ట్యాగు ఉన్న పక్షులు మా తీరంలో కనిపించాయి. అక్కడికీ ఇక్కడికీ వెయ్యి కిలోమీటర్ల పైమాటే. ట్యాగు మీది అక్షరం చదవగలిగేలా ఒక్క ఫోటో దొరికితే చాలు, ఆ నదికీ ఈ బురదకీ సంబంధం ఉందని రుజువైనట్టే. వేసవిలో అక్కడ డ్యామ్ నీళ్లు వదిలి గూళ్లు మునిగినా, ఇక్కడ మట్టి పోసి బురద నేల పూడ్చినా నష్టపోయేది అదే పక్షి. ఈ మాట నోటితో చెబితే ఎవరూ వినరు, ఫోటో చూపిస్తే కాదనలేరు.

ఇక తాబేళ్లు. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి ఒడ్డున చచ్చిపడిన ఆలివ్ రిడ్లే తాబేళ్ల ఫోటోలతో నా ఫోన్ నిండిపోతుంది. రాస్తుంటేనే బాధగా ఉంది. జనానికి నచ్చేది హేచరీలో (గుడ్లను కాపాడి పొదిగించే చోట) పుట్టిన పిల్లలు సముద్రంలోకి పాకుతున్న వీడియో. అదీ ఉండాల్సిందే, దాన్ని చూసి వాలంటీర్లుగా వచ్చిన పిల్లలున్నారు. కానీ కారణం చెప్పేది చచ్చిన తాబేలు ఫోటో. తాబేలు గాలి పీల్చాలి. బోటు వెనక లాక్కెళ్లే ట్రాల్ వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చనిపోతుంది. మేం తేదీ, చోటు నమోదయ్యేలా, పక్కన కొలత కోసం ఏదైనా పెట్టి ఫోటో తీస్తాం. అదే కళేబరాన్ని రేపు ఇంకొకరు మళ్లీ లెక్కపెట్టకుండా డిప్ప మీద రంగు గుర్తు వేస్తాం. వారం వారం ఇలా చేస్తే ఏ ఒడ్డున, ఏ రోజుల్లో ఎక్కువ చనిపోతున్నాయో బయటపడుతుంది. తీరానికి 8 కిలోమీటర్ల లోపు మర బోట్లు వేటాడకూడదన్న నిబంధన ఎక్కడ గట్టిగా అమలు చేయాలో అధికారులకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఆధారం మా దగ్గర లేదు. వలలో తాబేలు బయటపడేందుకు దారి ఉండే టెడ్ పరికరం ఉంది. ఆ దారిలో చేపలూ పోతాయని బోటువాళ్ల గోడు. డీజిల్ ఖర్చు చూస్తే వాళ్ల మాటని కొట్టిపారేయలేం, నష్టపరిహారం గురించి కూడా మాట్లాడాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. అది ముఖ్యంగా చేపల సంతతి కోసం పెట్టింది. తల్లి తాబేళ్లు ఎక్కువగా గుడ్లు పెట్టేది అంతకుముందే, అందుకే నిషేధం ఉందిగా అని ఊరుకోలేం.

వానాకాలంలో నేను పెద్దగా ఏమీ తీయలేను. ఆ తర్వాత అసలు ఆసక్తికరమైన పని బావురు పిల్లిది. ఫిషింగ్ క్యాట్ అంటే ఇదే, ఇంట్లో పిల్లికి రెండింతలుంటుంది, చేపలూ పీతలూ పట్టి తింటుంది. రాత్రిపూట తిరిగే జంతువు కాబట్టి కెమెరా ట్రాపులు కావాలి. ఒంటి వేడినీ కదలికనీ పసిగట్టి తనంతట తానే ఫోటో తీసే పెట్టె అది. మడ అడవిలో చెట్టుకి కాస్త కిందికి కడితే పోటుకి మునుగుతుంది, పైకి కడితే పిల్లి వీపు కూడా పడదు. అటవీ శాఖ వాళ్లతో వెళ్లి మెమరీ కార్డులు తెచ్చాక చూస్తే చాలా ఫోటోల్లో ఆకులే ఉంటాయి, నక్కలు, నీటికుక్కలు కొన్ని, ఎప్పుడో ఒకటి బావురు పిల్లి పక్క భాగం, నలుపు తెలుపుల్లో, సగం తోకతో. ఆ పక్క మీది మచ్చలే ముఖ్యం. ఒక పిల్లి మచ్చల వరస ఇంకోదానికి ఉండదు, అందుకే ఏది ఏదో విడదీసి లెక్క కట్టగలుగుతారు. 2018 సర్వేలో కోరింగలో 115 ఉన్నాయని తేల్చారు.

ఈ ఫోటోలు నాకు ఇంకోచోట కూడా పనికొచ్చాయి. ఒక రొయ్యల చెరువు దగ్గర చిరుతపులి పిల్ల తిరుగుతోందని పుకారు పుట్టింది. కాపలా ఉండే పెద్దాయనకి ఫోటో చూపించాను.

"ఇదేనండి బాబూ! పిల్లే ఇంతుంటే, దీని తల్లి వస్తాదని మా టెన్షన్ అండి," అన్నారాయన.

"ఇదే తల్లండి. ఇంతకంటే పెరగదు, మనిషి జోలికి రాదు," అన్నాను.

ఆయన ఫోటోని చాలాసేపు చూసి, తన కొడుకుని పిలిచి చూపించారు. ఉచ్చు పెడదామన్న మాట ఆ తర్వాత అక్కడ రాలేదు.

ఫోటోలతో కీడూ జరుగుతుంది, అదీ చెప్పాలి. గూడు దగ్గరికి వెళ్లి తీయడం, గుంపు ఒక్కసారిగా లేచే షాట్ కోసం పక్షుల్ని తరమడం నాకు అస్సలు నచ్చవు. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన ఉల్లంకి పోటు సమయంలో నిలబడేది ఒంట్లో సత్తువ మిగుల్చుకోవడానికే. బావురు పిల్లి కనిపించిన చోటు కూడా అందరికీ తెలిసేలా పెట్టకండి. జీవుల ఫోటోలు నమోదు చేసే సైటు ఐనాచురలిస్ట్‌లో ముప్పులో ఉన్న జీవుల కచ్చితమైన చోటుని వాళ్లే దాచిపెడతారు, అందుకే నేను అక్కడ పెడతాను. పక్షులైతే ఈబర్డ్ అనే సైట్లో.

మీరు మొదలుపెట్టాలనుకుంటే పెద్ద లెన్సు కొనక్కర్లేదు. కెమెరాలో తేదీ, సమయం సరిచూసుకోండి. అసలు ఫైలు చెరిపేయకండి. జంతువుతోపాటు దాని చుట్టూ ఉన్న చోటు కూడా పడేలా ఒకటి తీయండి. పక్షి కాలికి ట్యాగు కనిపిస్తే బీఎన్‌హెచ్‌ఎస్‌కి, చచ్చిన తాబేలు కనిపిస్తే అటవీ శాఖకి పంపండి. మీది ఏ జిల్లానో రాస్తే, జనవరి లెక్కింపు మీకు దగ్గర్లో ఏ చెరువు దగ్గర జరుగుతుందో కనుక్కుని చెబుతాను.