కత్తికి తోలు, గడ్డానికి సబ్బు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: మా పెదనాన్నగారి మడత కత్తి నా చేతికొచ్చింది. జర్మనీలోని సోలింగెన్‌లో తయారైంది. సాన పట్టించాను. రోజూ గడ్డం గీసుకునే ముందు కత్తి అంచు తేరుకునేలా లాగడానికి స్ట్రాప్, అంటే తోలు పట్టీ, కొనాలి. వేలాడదీసే పట్టీ మంచిదా, చెక్కకి అంటించిన తోలు మంచిదా? గుర్రం తోలే మేలంటున్నారు కానీ ధర చూస్తే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: గుర్రం తోలు ఇప్పుడే వద్దండీ. కొత్తగా నేర్చుకునేవాళ్ళ స్ట్రాప్ మీద గాట్లు పడటం ఖాయం. కత్తి తిప్పేటప్పుడు వెన్ను (అంచుకి ఎదురుగా ఉండే మందపాటి వైపు) కాస్త పైకి లేచినా చాలు, అంచు తోలులోకి దిగిపోతుంది. నా దగ్గర నేర్చుకున్న కుర్రాళ్ళలో గాటు పెట్టనివాడు ఒక్కడూ లేడు. అందుకని మామూలు ఆవు తోలుదో గేదె తోలుదో తీసుకోండి. చిన్న గాటైతే సన్నటి గరుకు కాగితంతో రుద్దితే సర్దుకుంటుంది. చెయ్యి కుదిరాక ఖరీదైనది కొనుక్కోవచ్చు.

ఏ జంతువు తోలన్నది నేను ఆఖరున చూస్తాను. ముందు పట్టీని బల్ల మీద పరిచి చూస్తాను. ఎక్కడా ఉబ్బు, ముడత ఉండకూడదు. వేలితో రాస్తే నున్నగా ఉంటూనే కొద్దిగా పట్టి ఆపినట్టుండాలి. తంగేడు బెరడులాంటి వాటితో శుద్ధి చేసిన తోలు బిగువుగా ఉంటుంది. క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన మెత్తటి తోలు, అదే మన హ్యాండ్‌బ్యాగుల తోలు, లాగితే సాగుతుంది. అది మనకి పనికిరాదు. వెడల్పు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. కత్తి అంచు దాదాపు 3 అంగుళాలు ఉంటుంది కాబట్టి పట్టీ కూడా 3 అంగుళాలుంటే అంచంతా ఒకేసారి ఆనుతుంది. 2 అంగుళాల పట్టీ మీదైతే కత్తిని ఐమూలగా జరుపుతూ లాగాలి. కొత్త చేతికి అదొక అదనపు తలనొప్పి.

వేలాడే పట్టీకే నా ఓటు, దాన్ని బిగించి పట్టుకోగలిగితేనే. వదులుగా ఉంటే తోలు వంగి అంచు చుట్టూ తిరుగుతుంది, అంచు గుండ్రబడుతుంది. పట్టించిన సాన అక్కడే పోతుంది. అంత బిగువు మీ చేతికి రాదనిపిస్తే చెక్కకి అంటించినదే కొనుక్కోండి, అది వంగదు. పొట్టిగా ఉంటుంది కాబట్టి ఎక్కువసార్లు లాగాలి, అంతే.

లాగేటప్పుడు వెన్ను ముందు నడవాలి, అంచు వెనక రావాలి. చివర తిప్పేది కూడా వెన్ను మీదే. పట్టీకి గుడ్డ వైపు కూడా ఉంటే ముందు దాని మీద ఇరవై ముప్పైసార్లు, తర్వాత తోలు మీద యాభై అరవైసార్లు. నొక్కకండి, కత్తి బరువు చాలు. నాకు కత్తి పట్టడం నేర్పిన విజయనగరం పెద్దాయన తోలు దగ్గర లేకపోతే అరచేతి మీదే లాగేవారు. ఆయన వృత్తే అది. మనం ఆ పని చెయ్యకూడదు.

ఇంకో రెండు మాటలు. పదును కోసం అమ్మే ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్ పేస్టు రోజువారీ తోలుకి రాయకండి, ఒకసారి ఎక్కితే పోదు. కావాలంటే దానికో వేరే తోలుముక్క పెట్టుకోండి. కొబ్బరినూనె కూడా రాయొద్దు. తోలు నూనె పీల్చి మెత్తబడుతుంది, కత్తి జారదు. రోజూ పొడి అరచేతితో నాలుగుసార్లు రుద్దితే చేతి జిడ్డే దానికి చాలు. పట్టీని బాత్‌రూమ్‌లో వేలాడదీయకండి. మా విశాఖలోనూ మీ కాకినాడలోనూ వానాకాలంలో తోలు బూజు పడుతుంది. నాది పడగ్గది కిటికీ ఊచకి, ఎండ తగలని వైపు ఉంటుంది. కత్తికి కూడా గీసుకున్నాక తడి తుడిచి, ఒక చుక్క కుట్టుమిషన్ నూనె పట్టించండి. ఆ పాత ఉక్కు తేలిగ్గా తుప్పు పడుతుంది.

ప్రశ్న: షేవింగ్ సబ్బుకి మూత పెడితే లోపల నీరూరుతోంది, తీసి ఉంచితే జిగురుగా అవుతోంది. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: సబ్బులో గ్లిజరిన్ ఉంటుంది, అది గాలిలో తేమని లాక్కుంటుంది. మీ ఊళ్ళో ఆ తేమకి కొదవేముంది! గీసుకోవడం అయ్యాక సబ్బు మీద మిగిలిన నురగ, నీళ్ళు వంపేసి, బాత్‌రూమ్ బయట ఫ్యాను గాలి తగిలే చోట మూత లేకుండా ఆరబెట్టండి. పైన చేత్తో ముడితే పొడిగా తగిలాకే మూత. నురగని సబ్బు డబ్బాలోనే గిలక్కొట్టకండి. తడి బ్రష్‌ని సబ్బు మీద కాసేపు తిప్పి, వేరే గిన్నెలో నురగ చేసుకుంటే సబ్బు అసలు అంతగా నానదు. గిన్నె స్టీలుదైనా పింగాణీదైనా పర్లేదు. చెక్క గిన్నెలు చూడ్డానికి అందంగా ఉంటాయి కానీ తడికి పగులుతాయి. వాడని సబ్బుల్ని కాగితం విప్పకుండా అలమారులో పెట్టండి. నారింజ రంగు మచ్చలు, పాతబడి చెడిన నూనె వాసన వస్తే ఆ సబ్బు చెడిపోయినట్టే, పారేయండి.

ప్రశ్న: నేను తోలు వస్తువులు వాడను. జంతువుల కొవ్వు ఉన్న సబ్బూ వద్దు. నాకు మడత కత్తి కుదురుతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: చక్కగా కుదురుతుంది. నేసిన దళసరి నూలు గుడ్డ, లేదా పాత జీన్స్ ముక్క ఒకటి నున్నటి చెక్క మీద బిగించి అంటించుకోండి. వార్తాపత్రిక చుట్టిన చెక్క మీద కూడా అంచు బాగా తేరుకుంటుంది. నేను ప్రయాణాల్లో అదే చేస్తాను. సబ్బు అట్ట మీద ‘టాలోవేట్’ అని ఉంటే అది జంతువుల కొవ్వు. ‘పామేట్’, ‘కోకోయేట్’ అంటే పామాయిలు, కొబ్బరినూనె. స్టియరిక్ ఆమ్లం మాత్రం మొక్కల నుంచీ వస్తుంది, కొవ్వు నుంచీ వస్తుంది కాబట్టి, ఆ పేరు కనిపిస్తే కంపెనీకి ఉత్తరం రాసి అడగండి. నురగ చిక్కగా నిలబడేది దానివల్లే, అది లేని సబ్బు కోసం వెతక్కండి.

ప్రశ్న: చికాగోలో చలికాలం హీటర్ వేడికి నా మెత్తటి ఇటలీ సబ్బు ఎండి బీటలు వారుతోంది.
– ఒక పాఠకుడు, చికాగో

జవాబు: మచిలీపట్నం సలహా మీకు వర్తించదు. మెత్తటి సబ్బుకి గట్టి మూత పెట్టే ఉంచండి. ఎండిపోయిన దాని మీద గోరువెచ్చటి నీళ్ళు నాలుగు చుక్కలు వేసి రాత్రంతా మూత పెడితే మళ్ళీ మెత్తబడుతుంది. మీ స్ట్రాప్ హీటర్ దగ్గర ఉంటే దాన్ని కూడా దూరం జరపండి.