బుజ్జీ, గ్రౌండ్ ఫ్లోర్ మాత్రం వద్దమ్మా

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెన్నై కొట్టూరుపురంలో మూడు పడకగదుల అద్దె ఇల్లు చూశావట. వీధి పొడుగునా చెట్లు, హారన్ మోత ఉండదు, ముందు కాస్త తోట కూడా ఉందట. అమ్మానాన్నల్ని తీసుకొచ్చి దగ్గరే ఉంచుకుంటానన్నావట. హాస్టల్ గదిలో ఒక మూల సర్దుకుని చదువుకున్న పిల్లవి, ఇవాళ పెద్దవాళ్ల కోసం ఇల్లు వెతుకుతున్నావు. ఆ మాట వినగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫోన్ పెట్టేసే ముందు మాత్రం మీ అమ్మ, 'నా మోకాళ్ల కోసం కిందిల్లే చూసిందక్కా' అంది. ఇక నాకు నిద్ర ఎక్కడిది?

ముందు మామూలు సంగతులు చెప్పేస్తాను. ఈబీ కార్డు, అదే కరెంటు కార్డు, ఇంటి పన్ను రసీదు ఎవరి పేర ఉన్నాయో చూడు. ఒప్పందంలో సంతకం పెట్టేదీ ఆ మనిషే కావాలి. తమిళనాడులో 2019 నుంచి అమలవుతున్న అద్దె చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి, దాన్ని రిజిస్టర్ కూడా చేయించాలి. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే మూడు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఆ 'వేరేగా' అన్నది ఏ పేజీలో దూర్చారో చూసుకోవడమే నీ పని. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కని ఎంత పట్టుకుంటారో కూడా ఇప్పుడే రాయించుకో. కరెంటు బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది. 500 యూనిట్లు దాటిందంటే ఒక్కసారిగా ఎక్కుతుంది. మూడు గదుల్లో మూడు ఏసీలు వేస్తే దాటకుండా ఉండదు. అద్దెతో పాటు అదీ లెక్కేసుకో.

ఇక అసలు సంగతి. 2015లో మేం చేరిందీ కొట్టూరుపురంలోనే, అదీ కిందింట్లోనే. మీ పెదనాన్నకి ఆ వసారా, ఆ మామిడిచెట్టు తెగ నచ్చేశాయి. అద్దె కూడా పై అంతస్తు కన్నా తక్కువ. ఎందుకు తక్కువో బ్రోకరు చెప్పలేదు. చెప్పింది వీధి మలుపులో ఇస్త్రీ బండి అతను. మేం ఇల్లు చూసి బయటికి వస్తుంటే గేటు దగ్గరికి వచ్చి, అరచెయ్యి గేటుకి ఆనించి, 2005లో నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయని చూపించాడు. అతని నడుం కన్నా కాస్త పైకి. మీ పెదనాన్న, 'పదేళ్ల కిందటి మాట, ఇప్పుడు కాలవలు బాగుచేశారు' అన్నారు. ఆయన మంచి మనిషి, జాగ్రత్త గల మనిషి, ఏ కాగితమైనా అక్షరం వదలకుండా చదువుతారు. కానీ కాగితం మీద లేని మాటని లెక్క చెయ్యలేదు.

ఆ ఏడు నవంబరంతా వానే. డిసెంబరు 1 రాత్రి చెంబరంబాక్కం చెరువు నుంచి, మా పేట పక్కనే పారే అడయారు నదిలోకి 29 వేల క్యూసెక్కుల దాకా వదిలారని తర్వాత పేపర్లో చదివాం. ఆ రాత్రి మాత్రం మా తలుపు కొట్టి చెప్పింది ఆ ఇస్త్రీ అతనే. 'తణ్ణి ఏరుదు, మేలే పోంగమ్మా' అని అరిచాడు, నీళ్లు పెరుగుతున్నాయి, పైకి వెళ్లండమ్మా అని. అప్పటికే బాత్రూమ్ తూములోంచి నీళ్లు పైకి తన్నుతున్నాయి. మా అత్తగారిని అతనూ మీ పెదనాన్నా కుర్చీతో సహా ఎత్తి మెట్లెక్కించారు. పైవాళ్లు తలుపు తీశారు కాబట్టి బతికాం. కరెంటు లేదు, ఫోన్లు లేవు. సెల్లార్లో పెట్టిన జనరేటర్ అన్నిటికన్నా ముందే మునిగింది.

నీళ్లు తీశాక కిందికి దిగి చూస్తే, వంటింటి అల్మరాలు ఉబ్బి తలుపులు తెరుచుకోలేదు. బీరువాలో పట్టుచీరలన్నీ ఒకదాని రంగు ఒకదానికి అంటుకుని ముద్దయ్యాయి. మీ అమ్మ పెళ్లి ఫొటోల ఆల్బమ్ నా దగ్గరే ఉండేది కదా, పేజీలు విడదీయబోతే ముఖాలు ఊడి వచ్చాయి. దానికి మీ అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. నేనిప్పటికీ ఆ సంగతి ఎత్తలేను.

అందుకే చెబుతున్నాను, ఫొటోలు చూసి టోకెన్ అడ్వాన్సు పంపించే పని పెట్టుకోకు! ఇంత చదువుకుని అదేం తొందర? ఆ వీధికి నువ్వే వెళ్లు. వాచ్‌మన్‌నీ, పూలమ్మే ఆవిణ్నీ, ఇస్త్రీ బండి దగ్గరా అడుగు. నువ్వు చేరినా చేరకపోయినా వాళ్లకి వచ్చేదీ పోయేదీ లేదు, ఉన్నదున్నట్టు చెబుతారు. 2015లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని సూటిగా అడుగు.

అమ్మ మోకాళ్ల సంగతి నాకు తెలుసు. లిఫ్ట్ ఉన్న అపార్ట్‌మెంట్‌లో మొదటి అంతస్తో రెండో అంతస్తో చూడు. లిఫ్ట్‌కి జనరేటర్ ఉందా, ఆ జనరేటర్ ఎక్కడ పెట్టారో చూడు. సెల్లార్లో ఉంటే ఉన్నా లేనట్టే.

వానాకాలం ఒకటే కాదు, ఎండాకాలం సంగతి కూడా అడగాలి. మమ్మల్ని ముంచిన ఆ చెంబరంబాక్కమే 2019 వేసవికి ఎండి నెర్రెలిచ్చింది. మన కండలేరు నుంచి కృష్ణా నీళ్లు చెన్నైకి నీళ్లిచ్చే పూండి చెరువుకి వస్తాయన్నది నిజమే, అయినా ఆ వేసవిలో నీళ్ల లారీ కోసం జనం రాత్రిళ్లు మేలుకున్నారు. మెట్రో వాటర్, అంటే ఊరి కుళాయి నీళ్లు, రోజూ వస్తుందా, సంప్ ఎంత పెద్దది, లారీ నీళ్ల ఖర్చు మెయింటెనెన్స్‌లోనే పోతుందా, విడిగా కట్టాలా, అన్నీ అడుగు. వంటింట్లో కుళాయి తిప్పి నీళ్లు నోట్లో పోసుకుని చూడు. ఉప్పగా ఉంటే అది బోరు.

నిశ్శబ్దంగా ఉండే వీధి నాకూ ఇష్టమే. కానీ నువ్వు ఆఫీసుకి వెళ్లాక పగలంతా ఆ ఇంట్లో ఉండేది మీ అమ్మానాన్నలే, వాళ్లకా తమిళం రాదు. ప్రతి ఇంటికీ ఎత్తు గోడలుంటే పక్కవాళ్ల ముఖం కూడా కనబడదు. చేరిన వారంలోనే ఎదురింటికీ పక్కింటికీ అమ్మని వెంటబెట్టుకుని వెళ్లి పరిచయం చెయ్యి. దగ్గర్లో తెలుగువాళ్లు ఎవరుంటారో వాచ్‌మన్‌ని అడిగితే చెబుతాడు.

ఈ శనివారం పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో బయల్దేరుతున్నాను, మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగుతాను. నువ్వు స్టేషన్‌కి రానక్కర్లేదు, ఆటోలో వచ్చేస్తాను. ఆ ఇంటితో పాటు పై అంతస్తులో ఉన్నవి ఇంకో రెండు చూసి పెట్టు, కలిసి చూద్దాం. అప్పటిదాకా పైసా అడ్వాన్సు ఇవ్వకు. బ్రోకరు తొందరపెడితే మా పెద్దమ్మ చూడాలని చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ,
నెల్లూరు.